నల్లతెర మీద పడుగూ పేకా

సూరత్ నేత షెడ్డులో సాంచా నెత్తిన వేలాడే అట్టల దండను చూసి అది కంప్యూటర్‌కు తాతముత్తాత అని ఎవరూ అనుకోరు. నూనె మరకలు, నూగు పట్టిన ఆ అట్టల నిండా చిల్లులు. అవి ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే కింద చీర అంచు మీద మామిడి పిందె ఒక్కో పోగు చొప్పున రూపు కడుతుంది. ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చాక అట్టల అవసరం తగ్గుతూ వస్తోంది. పక్కకు తీసేసిన అట్టల గతి తూకానికి అమ్ముడుపోవడమే. పాత వస్తువు పోయి కొత్తది రావడం లోక సహజం, దానికి విచారించాల్సిన పని లేదు. అయితే అట్టతోపాటు ఇంకేం పోతోందన్నది కాస్త ఆగి ఆలోచించాల్సిన సంగతి.

సూరత్ సాంచాల దగ్గర తెలుగు వినిపించడం కొత్త కాదు. తెలంగాణ జిల్లాల పద్మశాలీలు తరాలుగా బతుకుదెరువు కోసం షోలాపూర్, భివండీ, సూరత్‌ల దారి పట్టారు. గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు పెట్టాల్సిన అవసరం సూరత్ నగరపాలక సంస్థకు అలా వచ్చిందే. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. గుజరాతీలో సంచో అంటే యంత్రం. ఊరు మారినా పని మారని మనుషులకు మాట కూడా పెద్దగా మారలేదు.

ఆ సాంచా మీది అట్ట చేసే పని చూడటానికి తేలిక. అట్టలో చిల్లు ఉంటే సూది అందులోకి దూరుతుంది. దాని కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. చిల్లు లేకపోతే అట్ట సూదిని వెనక్కు నెడుతుంది. ఆ పోగు కిందనే ఉండిపోతుంది. లేచిన పోగులకూ లేవని పోగులకూ మధ్య నుంచి పేక దూసుకుపోతుంది. మరుక్షణం తర్వాతి అట్ట వచ్చి నిలబడుతుంది. ఉంది, లేదు. ఒకటి, సున్నా. ఫ్రాన్స్‌లోని లియాన్ పట్టణంలో జోసెఫ్ మేరీ జకార్డ్ ఈ ఏర్పాటును ఒక కొలిక్కి తెచ్చింది 1804లో. అంతకు ముందే, 1725 నుంచీ, అదే పట్టణంలో చిల్లుల కాగితాలతో మగ్గాన్ని నడిపే ప్రయత్నాలు జరిగాయి. జకార్డ్ చేసింది వాటన్నిటినీ కలిపి నేతగాడి చేతికి అందే యంత్రంగా మలచడం.

ఆ తర్వాతి కథ కంప్యూటర్ పుస్తకాల్లో ఉన్నదే. 1839లో జకార్డ్ బొమ్మను ఆయన మగ్గం మీదే పట్టుతో నేశారు. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. ఆ బొమ్మ ఒకటి సంపాదించి ఇంట్లో పెట్టుకున్న ఇంగ్లిష్ గణితజ్ఞుడు చార్లెస్ బాబేజ్ తన ఎనలిటికల్ ఇంజిన్‌ను కూడా అట్టలతోనే నడపాలనుకున్నాడు. మగ్గం పూలనూ ఆకులనూ నేసినట్టే ఈ యంత్రం బీజగణితాన్ని నేస్తుందని 1843లో ఏడా లవ్‌లేస్ రాసింది. ఆ ఇంజిన్ పూర్తి కాలేదు కానీ ఊహ చావలేదు. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులతో లెక్కగట్టాడు. ఆయన స్థాపించిన కంపెనీయే మరికొన్నింటితో కలిసి, 1924 నాటికి ఐబీఎం అయింది. 1928లో ఐబీఎం తన కార్డును 80 నిలువు వరసలకు స్థిరపరిచింది. వరసకో అక్షరం, కార్డుకు 80 అక్షరాలు.

ఈ 80 అనే అంకెను గుర్తుంచుకోండి. కార్డులు పోయి తెరలు వచ్చినప్పుడు తెర మీద ఒక వరుసకు ఎన్ని అక్షరాలు పట్టాలన్న ప్రశ్న వచ్చింది. కార్డుకు ఎన్నో తెరకూ అన్నే అన్నారు. 1978 నాటి వీటీ 100 టెర్మినల్‌కు 80. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి 80. దాని మీద డాస్‌తో కుస్తీ పట్టి డిర్, కాపీ, డెల్ అని కొట్టిన తరమంతా ఆ కొలతలోనే పని చేసింది. లినక్స్‌లో టెర్మినల్ తెరిస్తే సాధారణంగా ఇప్పటికీ 80 అక్షరాల వెడల్పు కిటికీయే వస్తుంది. పైథాన్ భాషలో రాసేవారికి ఇచ్చిన నియమావళి వరుస 79 అక్షరాలు దాటకూడదంటుంది. హైదరాబాద్ హైటెక్ సిటీలో కూర్చుని ప్రోగ్రామ్ రాసే కుర్రాడికి తెలియకపోవచ్చు కానీ, అతని వేళ్లు తాతల మగ్గం కొలతకు దూరపు చుట్టరికంలోనే కదులుతున్నాయి.

ఇంతవరకూ చరిత్ర. వర్తమానంలో ఒక వింత తెగ ఉంది. తుక్కు కింద పోవాల్సిన కంప్యూటర్లను ఇంటికి తెచ్చుకుని, ఉబ్బిన కెపాసిటర్లు పీకి కొత్తవి అతికి, నల్లతెర మీద ఆకుపచ్చ అక్షరం మినుకుమంటే పండగ చేసుకునేవారు. మౌస్ ముట్టకుండా, బొమ్మల మీద నొక్కకుండా, ఆజ్ఞలు టైపు చేసే పని చేసుకోవడం వీరికి ఇష్టం. ఇంట్లోవారికి ఇది పాత చింతకాయ పచ్చడి వ్యవహారం. ‘దీంతో ఏం ఒరుగుతుంది?’ అన్న ప్రశ్నకు వారి దగ్గర సాధారణంగా మంచి జవాబు ఉండదు. సరదాగా ఉంటుందంటారు. నిజానికి ఇంతకంటే మంచి జవాబే ఉంది. వెతికితే అది సూరత్‌లోనే దొరుకుతుంది.

సూరత్ చీరకు నేత ఎంతో ఎంబ్రాయిడరీ అంత. ఒకే బల్ల మీద వరసగా తలలు బిగించి, అన్నీ ఒకే పువ్వును ఒకేసారి కుట్టే యంత్రాలు అక్కడి వీధి వీధినా ఉంటాయి. ఈ జాతి యంత్రాల్లో పాత మోడళ్లు డిజైన్‌ను ఫ్లాపీ నుంచి చదివేవి. యంత్రం ఇనుము గట్టిది, ఇరవై ఏళ్లయినా కుడుతుంది. ఫ్లాపీ అలా కాదు. సోనీ కంపెనీ 2011లో ఫ్లాపీల తయారీ మానేసింది. ఇక లక్షలు పోసి కొన్న యంత్రం ఒక ప్లాస్టిక్ పలక దొరక్క మూలపడాలా? చైనా నుంచి గోటెక్ అనే చిన్న పెట్టె వచ్చింది. ఫ్లాపీ డ్రైవ్ తీసేసి ఆ ఖాళీలో దీన్ని బిగిస్తే చాలు. గుచ్చింది పెన్‌డ్రైవే అయినా అది ఫ్లాపీయేనని యంత్రాన్ని నమ్మిస్తుంది. తయారు చేసింది ఇలాంటి కార్ఖానా యంత్రాల కోసమే.

ఇక్కడే మన వింత తెగ రంగంలోకి దిగింది. 1980ల నాటి అమీగా, అటారీ కంప్యూటర్లను బతికించుకుంటున్న ఔత్సాహికులకు ఈ పెట్టె చవకగా కనిపించింది. అయితే కార్ఖానా కోసం రాసిన దాని లోపలి ప్రోగ్రామ్ వీరి రకరకాల ఫ్లాపీలకు చాల్లేదు. దాన్ని తుడిచేసి కొత్తది రాసుకున్నారు. కీర్ ఫ్రేజర్ అనే ఔత్సాహికుడు రాసిన ఫ్లాష్‌ఫ్లాపీ ఇలాంటిదే. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలేముందో చదువుకోవచ్చు. ఆటలు ఆడుకోవడానికి రాసిన ఈ ప్రోగ్రామ్ సంగీత కీబోర్డుల్లోకి, కుట్టు యంత్రాల్లోకి కూడా చేరింది. అంటే కార్ఖానా తెచ్చిన వస్తువును హాబీ బాగుచేసి తిరిగి కార్ఖానాకు ఇచ్చింది. జపాన్ ప్రభుత్వమే ఫలానా పత్రాలు ఫ్లాపీలో సమర్పించాలనే నిబంధనలను 2024 దాకా పూర్తిగా వదిలించుకోలేకపోయింది. అలాంటప్పుడు ఫ్లాపీ చదవడం వచ్చినవాడిని పిచ్చివాడనడం తొందరపాటు.

వీరు చేసిన ఇంకో పని డాస్‌కు ప్రాణం పోయడం. 1994లో మైక్రోసాఫ్ట్ డాస్‌కు మంగళం పాడబోతోందని తేలినప్పుడు జిమ్ హాల్ అనే అమెరికన్ కాలేజీ విద్యార్థి, మన డాస్ మనమే రాసుకుందామని పిలుపిచ్చాడు. ముక్కూ మొహం తెలియనివారు తలా ఒక ఆజ్ఞ రాసి పంపారు. అలా పుట్టిన ఫ్రీడాస్ మన బజారులో మరో రకంగా ప్రసిద్ధం. విండోస్ లేకుండా చవకగా అమ్మే లాప్‌టాప్‌ల మీద ఫ్రీడాస్ అని రాసి ఉంటుంది. కొన్నవారు దాన్ని చెరిపేసి వేరేది వేసుకుంటారు. చెరిపేసింది ఏమిటో చూసినవారు తక్కువ. అది ఇంకా బతికే ఉంది. 2025లో 1.4 వెర్షన్ వచ్చింది. అసలు డాస్ సొంతదారు కూడా చివరికి దిగివచ్చి తొలి డాస్‌ల మూల పాఠాన్ని 2014లో, 4.0 మూల పాఠాన్ని 2024లో లోకానికి విడుదల చేసింది. ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న పద్దుల ప్రోగ్రామ్‌ను ఇవాళ్టి కంప్యూటర్‌లో తెరవగలుగుతున్నామంటే కారణం ఇలాంటి పనులే.

మరి ఈ పాత యంత్రాల సావాసం నేర్పేదేమిటి? ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అన్న వివేకం. 2006 ఆగస్టులో తాపి నది వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచెత్తింది. నీళ్లలో నానిన జకార్డ్ అట్ట చిరిగిపోవచ్చు. కానీ ఆరబెట్టి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే చిల్లు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. చూసి కొత్త అట్ట కొట్టుకోవచ్చు. దాన్ని చదవడానికి కంపెనీ అనుమతి అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. బురద పట్టిన డిస్కును ఎంతసేపు వెలుతురుకు పట్టుకున్నా ఏమీ కనిపించదు.

అలాగని డిజిటల్ అంతా ఒక్కటే కాదు. ఎంబ్రాయిడరీ యంత్రాలు చదివే డీఎస్‌టీ అనే ఫైలు ఉంది. జపాన్‌కు చెందిన తజిమా కంపెనీది. ముందు 512 బైట్ల శీర్షిక, ఆ తర్వాత ఒక్కో కుట్టుకు మూడేసి బైట్లు. సూది అటు ఎంత, ఇటు ఎంత జరగాలో వాటిలో ఉంటుంది. ఒక్క గెంతుకు హద్దు 12.1 మిల్లీమీటర్లు. అంత సరళం కాబట్టే ఔత్సాహికులు దాని గుట్టు విప్పి అందరికీ చెప్పగలిగారు. డబ్బు పెట్టకుండా వాడుకోగల ఇంక్‌స్టిచ్ లాంటి ప్రోగ్రాములు దాన్ని చదువుతాయి, రాస్తాయి. ఇది ఒక రకంగా డిజిటల్ అట్ట. కానీ డిజైనర్ తన డిజైన్‌ను మళ్లీ దిద్దుకోవడానికి వీలుగా దాచుకునే అసలు ఫైలు వేరు. అది ఏ సాఫ్ట్‌వేర్‌లో గీస్తే ఆ సాఫ్ట్‌వేర్‌కే తెలిసిన భాషలో ఉంటుంది. కంప్యూటర్‌కు గుచ్చే తాళం లాంటి డాంగిల్ పోయిందా, సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. కంపెనీ మూతపడిందా, డిజైన్లు ఉన్నా లేనట్టే.

ఇది సూరత్ చీరల గొడవే అనుకుంటే పొరపాటు. తెలుగు అక్షరానికి పట్టిన గతీ ఇదే. ఐఐటీ కాన్పూర్‌లో మొలకెత్తి సీడాక్ చేతుల్లో ఎదిగిన జిస్ట్ కార్డును కంప్యూటర్‌లో గుచ్చితే ఒకప్పుడు డాస్ తెర మీద తెలుగు కనిపించేది. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ అనే ప్రమాణమూ వచ్చింది. కానీ డీటీపీ రంగం తన దారి తాను చూసుకుంది. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను, అంటే గుడిని, కొమ్మును, వత్తును కూర్చిపెట్టిన ఫాంట్లు రాజ్యమేలాయి. కంపెనీ కంపెనీకి కూర్పు వేరు. పుస్తకాలు, పత్రికలు, పెళ్లి శుభలేఖలు ఏళ్ల తరబడి వాటిలోనే తయారయ్యాయి. ఇవాళ ఆ ఫైలును ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరవండి. పద్యం ఉండాల్సిన చోట పిచ్చిగీతలుంటాయి. ఫైలు చెడిపోలేదు. చదివే ఉపాయం పోయింది. ఆ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్లను తర్వాత ఔత్సాహికులు కూర్చుని రాయాల్సి వచ్చింది.

దీనికి పక్కనే మరో ఉదాహరణ పెట్టి చూడండి. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు కంప్యూటర్‌లో తెలుగు కోసం వెతుక్కున్నారు. వారి దగ్గర ఉన్నవి యూనిక్స్ యంత్రాలు, ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే చూపే టెర్మినళ్లు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక కచ్చితమైన పద్ధతిలో రాయడం అలవాటు చేసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద దానికి ఆర్‌టీఎస్ అన్న పేరొచ్చింది. అలా రాసిన పాఠాన్ని తెలుగు లిపిలోకి మార్చడానికి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక ప్రోగ్రామ్ రాశారు. బొమ్మలు లేవు, మెనూలు లేవు. ఆజ్ఞ కొట్టడం, ఫైలు ఇవ్వడం, తెలుగు తీసుకోవడం. చూడటానికి అంత ముచ్చటైన ఏర్పాటేమీ కాదు. కానీ అప్పుడు టైపు చేసిన పాఠం మామూలు అక్షరాల ఫైలు కాబట్టి ఇవాళ ఏ ఫోన్‌లో తెరిచినా చదువుకోవచ్చు, క్షణంలో తెలుగు లిపిలోకి మార్చుకోవచ్చు. తర్వాత కాలంలో ఎందరికో తెలుగు టైపింగ్ నేర్పిన లేఖిని కూడా ఆ ఒరవడిదే. వేల రూపాయల సాఫ్ట్‌వేర్‌లో అందంగా కూర్చిన పేజీ మూగబోయింది. ఖర్చు లేకుండా కొట్టిన మొరటు పాఠం మాట్లాడుతూనే ఉంది.

కమాండ్ లైన్‌ను ఇష్టపడేవారి పట్టుదల వెనక ఉన్న సత్యం ఇదే. లోపల ఏముందో కంటికి కనిపించేదే నాలుగు కాలాలు నిలుస్తుంది. అట్ట మీది చిల్లు అలాంటిది. మామూలు అక్షరాల ఫైలు అలాంటిది. పైన ఎన్ని రంగులు పూసినా, లోపలి సంగతి దాచిపెట్టిన వస్తువు దాచినవాడి ఆయుష్షు మేరకే బతుకుతుంది.

ఇందులో కూటి ప్రశ్న కూడా ఉంది. అట్టల దండ తెగితే నేతగాడు దారంతో కుట్టుకునేవాడు. చిల్లు తప్పు పడితే కాగితం ముక్క అతికి, సరైన చోట మళ్లీ గుద్దుకునేవాడు. ఎలక్ట్రానిక్ జకార్డ్ కంట్రోలర్ మొరాయిస్తే అతను చేయగలిగింది ఫోన్ చేసి ఎదురుచూడటమే. సాంచా ఆగిన గంటకు కూలి లేదు. కొత్త యంత్రం వేగంగా నేస్తుంది, రకరకాల డిజైన్లు నేస్తుంది, అట్టల బరువూ ధూళీ తప్పిస్తుంది. దాన్ని కాదనడానికి లేదు. పన్నెండు గంటల షిఫ్టు చేసే మనిషికి అట్టల మీద మమకారం పెంచుకొమ్మని చెప్పడం ఫ్యాను కింద కూర్చున్నవారి వేదాంతం. అయితే యంత్రం తెలివి పెరిగిన కొద్దీ దాని ముందు నిలబడ్డ మనిషి తెలివికి పని తగ్గాలన్న రూలు ఎక్కడా లేదు. అది యంత్రం సహజ గుణం కాదు. అమ్మేవాడి ఏర్పాటు. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కు గురించి కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక కమిటీ వేసింది, ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అందులో ముందు వరసలో ఉన్నాయి. మగ్గం లేదు.

మన దగ్గర పాత కంప్యూటర్లను తెరిచి చూసే హాబీ ఇంకా పలచగానే ఉంది. 1984లో క్లాస్ పథకం కింద దేశంలోని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే స్వదేశీ కంప్యూటర్‌ను తయారు చేసింది. బీబీసీ మైక్రోలను ఇంగ్లండ్‌లో ఇప్పటికీ మ్యూజియంలో పిల్లల ముందు పెట్టి వాడనిస్తారు. మన బడుల యంత్రాలను బీరువాలో దాచాం, ఆ తర్వాత స్టాక్ రిజిస్టర్‌లో కొట్టేసి వేలం వేశాం. కంప్యూటర్ అంటే దండ వేసి తాకకుండా చూసుకోవాల్సిన వస్తువన్న భక్తి మనకు ఎక్కువ. విప్పి చూడాలన్న కుతూహలం తక్కువ. మరమ్మతు చేసేవాడికి మన సంఘంలో ఉన్న మర్యాద ఎంతో అందరికీ తెలుసు. కొనగలిగినవాడికి దక్కే మర్యాద అతనికి దక్కదు.

చేయాల్సినవి భారీ పనులేమీ కావు. పాత ఫ్లాపీని ఫైళ్లుగా కాక, దాని మీది అయస్కాంతపు గీతను గీతగానే చదివి భద్రపరిచే గ్రీజ్‌వీజిల్ అనే పలక ఉంది. అదీ ఫ్రేజర్ చలవే, ధర కూడా కొన్ని వేల రూపాయల లోపే. సూరత్‌లో ఎన్‌ఐటీ ఉంది, కృత్రిమ వస్త్రాల మీద పరిశోధన చేసే మంత్రా సంస్థ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవే లేదు. ఏటా చివరి సంవత్సరం విద్యార్థులు ఎవరో చేసిన ప్రాజెక్టునే మళ్లీ అట్ట వేసి సమర్పించే బదులు, ఒక నేతగాడి అట్టల దండను ఫోటో తీసి డిజైన్ ఫైలుగా మార్చవచ్చు. ఒక చిన్న పత్రిక పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి తేవచ్చు. మూలపడ్డ ఒక కుట్టు యంత్రం ఫ్లాపీ భాష ఏమిటో కనిపెట్టవచ్చు. మార్కులకు మార్కులు, పనికి పని. పరీక్ష కోసం చదివిన దానికంటే ఎక్కువే బోధపడుతుంది, ఎందుకంటే పాత యంత్రం చిన్నది. దాని లోపలంతా ఒక మనిషి బుర్రలో పడుతుంది. ఇవాళ్టి ఫోన్ లోపలి సంగతి మొత్తం తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడూ ఉండడు.

పాత కంప్యూటర్ ముందు కూర్చుని రాత్రంతా ఆజ్ఞలు కొట్టే కుర్రాడు మీ ఇంట్లో ఉంటే తిట్టడానికి ముందు ఒకసారి ఆలోచించండి. బీరువాలో మీ నాన్నగారు టైపు చేయించిన ఆత్మకథ ఫ్లాపీ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని చదివి పెట్టగలిగేది అతనే.